పన్నెండేళ్ళ గది

కామరాజుకి చట్టం తెలుసు. చదవలేదు, తెలుసంతే. ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సులో కండక్టరుగా తిరిగి, ముందు సీట్లలో కూర్చున్న ప్లీడర్లూ వాళ్ళ గుమాస్తాలూ చెప్పుకునే కోర్టు ముచ్చట్లన్నీ ఉచితంగా విన్నవాడికి మళ్ళీ వేరే చదువెందుకు?

అయితే ఆయన ప్రాణంగా నమ్మిన చట్టం మాత్రం బస్సులో విన్నది కాదు. పెద్దాపురంలో మేనమామ గంగరాజు అరుగు మీద విన్నది. అద్దెకున్నవాడు ఒకే ఇంట్లో పన్నెండేళ్ళు ఉంటే ఆ ఇల్లు వాడిదైపోతుందిట. గంగరాజు మావయ్య పెంకుటిల్లు అలాగే పోయింది. అద్దెకొచ్చిన టైలరు పన్నెండో ఏడు నిండగానే మీసం మెలేసి "ఇక ఇల్లు నాది, తమరు దయచేయండి" అన్నాడని మావయ్య కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పాడు. అప్పటికి పదేళ్ళ పిల్లాడైన కామరాజు గుండెల్లో ఆ రోజు రాయి పడింది. జుట్టు నెరిసినా ఆ రాయి కదల్లేదు.

అందుకే కాకినాడ జగన్నాథపురంలో డాబా కట్టుకుని పై వాటా అద్దెకివ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి ఎవరికైనా సరే పదకొండు నెలలకే కాగితం రాసిచ్చేవాడు. "పదకొండే ఎందుకో తెలుసా? పన్నెండు అన్న అంకె కాగితం మీద పడకూడదని!" అని అద్దెకొచ్చినవాళ్ళకి చెప్పి, తలూపేదాకా వదిలేవాడు కాదు. ఆ తర్వాత షరతులు చదివేవాడు. గోడలకి మేకులు కొట్టకూడదు. చుట్టాలొస్తే రెండు రోజులే. నీళ్ళ మోటారు మీద చెయ్యి వెయ్యకూడదు. మేడ మీద అప్పడాలు ఆరబెట్టుకోవచ్చు గానీ ఎండుచేపలు పనికిరావు. చదవడం అయ్యేసరికి సగంమంది చెప్పులు వేసుకునేవారు.

వినీల మాత్రం అన్నీ శ్రద్ధగా విని, "అలాగేనండి బాబాయి గారూ" అంది. వరి మీద పరిశోధన చేసిన పిల్ల. భర్త సరుకు ఓడలో ఇంజనీరు, ఆరేసి నెలలు సముద్రం మీదే. ఒకటో తరగతి చదివే కూతురు మిన్ను. ఉప్పాడ అవతల సముద్రం పక్క పల్లె వాళ్ళది. ఏటేటా సముద్రం పొలాల్లోకి వచ్చి పోతూ నేలంతా ఉప్పు పట్టించేసింది. ఆ నేలలో బతికే వరి పుట్టించాలని ఆ పిల్ల పట్టు.

"నాదీ ఒక షరతుందండి. వెనక గదిలోకి నాకు చెప్పకుండా ఎవరూ రాకూడదు."

కామరాజు ఉప్పొంగిపోయాడు. ఆయనతో చట్టం మాట్లాడిన మొదటి మనిషి ఈ పిల్లే. "నువ్వు చెప్పాలా అమ్మాయ్? ఇల్లు ఓనరుదే అయినా అద్దెకిచ్చాక ఆ గది నీది. రావాలంటే ఒక రోజు ముందు చెప్పి, నువ్వు సరేనన్నాకే గుమ్మం తొక్కాలి. నేను చట్టం దాటే మనిషిని కాదు" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు.

తొమ్మిది నెలలు హాయిగా గడిచాయి. వినీల గోడకి ఒక్క మేకు కొట్టలేదు. మిన్నుని స్కూలు ఆటో ఎక్కించి వెనక గదిలోకి వెళ్ళేది, ఆటో వచ్చేవేళకి బయటికొచ్చేది. కామరాజు భార్య రత్నమాణిక్యానికి ఆ తల్లీకూతుళ్ళంటే తగని ముద్దు. పైకి వెళ్ళిన గిన్నె ఖాళీగా కిందికి రాదు, కిందికొచ్చిన గిన్నె ఖాళీగా పైకి పోదు.

ఒకరోజు ఆ గిన్నెలోనే అసలు సంగతి బయటపడింది. రాత్రి పాలు తోడు పెట్టడం మర్చిపోయింది రత్నమాణిక్యం. పెరుగు లేని భోజనాన్ని కామరాజు భోజనమనడు, ఉపవాసమంటాడు. ఆవిడ పైకి వెళ్ళి గరిటెడు పెరుగు అడిగింది. వినీల ఇంట్లోనూ లేదు. "పాలూ తోడూ కిందినుంచి తెచ్చివ్వండి పిన్ని గారూ" అని గిన్నె తీసుకుని వెనక గదిలో పెట్టి, తలుపు మూసి, పక్కనున్న చక్రం తిప్పింది వినీల. ఇద్దరూ కాఫీ తాగి, మిన్ను చదువు సంగతులు చెప్పుకుని లేచేసరికి అరగంటయింది. గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. కత్తితో కోసుకునేట్టు గడ్డపెరుగు.

"ఇదేం మాయే?"

"మాయ కాదండి. ఆ గది చుట్టూ రాగి తీగల వల అల్లాను. అది పని చేస్తున్నంతసేపూ లోపల కాలం పరుగెడుతుంది. మనకి అరగంటయితే అక్కడ ఆరు గంటలు. కొత్త వరి వంగడం నిలదొక్కుకోవాలంటే పంట మీద పంట వేసి ఏళ్ళకేళ్ళు చూడాలి. అంతకాలం ఆగితే మా ఊరే ఉండదు. అందుకని ఏళ్ళనే తొందరపెట్టాను."

ఇంత గొప్ప సంగతి విని రత్నమాణిక్యం కాసేపు ఆలోచించి, అడగాల్సిందే అడిగింది. "అయితే ఆవకాయ కూడా ఊరుతుందా?"

ఊరింది. ఇడ్లీ పిండి పులిసింది, వడియాలకి ఎండ లేదు గానీ మిగతావన్నీ ఆ గదిలో చకచకా అయిపోయాయి. ఇదంతా కామరాజుకి చెప్పాలన్న ఆలోచన ఆవిడకి రాలేదు. మొగాడికి గిన్నెలో ఉన్నది కావాలి గానీ గిన్నె ఎక్కడికెళ్ళొచ్చిందో ఎందుకు?

ఆయనకి అసలు విషయం ఒక సాయంత్రం ముద్ద మధ్యలో తెలిసింది. "ఆవకాయ అదిరిందే మాణిక్యం! ఎప్పటిది?" అన్నాడు కామరాజు.

"పొద్దున కలిపిందండి."

"పొద్దున కలిపితే సాయంత్రానికి ముక్క మెత్తబడుతుందా? ఎవరికి చెబుతావు?"

ఆవిడ సంబరంగా అంతా చెప్పింది. వింటూ వింటూ నవ్విన కామరాజు చెయ్యి ఉన్నట్టుండి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. టికెట్ల లెక్కలు చేసిన బుర్ర, ఊరికే ఉండదు. మనకి గంట అయితే అక్కడ సగం రోజు. ఆ వల దాదాపు రాత్రింబవళ్ళూ ఆడుతూనే ఉంటుందిట, ఆ లెక్కన మనకి నెలయితే అక్కడ ఏడాది. అమ్మాయి వచ్చి పది నెలలు. అంటే పదేళ్ళు! ఇంకొక్క రెండు నెలలు కళ్ళు మూసుకుంటే పన్నెండు!

"చంపావు కదే!" అని ముద్ద కంచంలో పడేసి పైకి పరుగెత్తాడు. మేడ మెట్ల మీద నుంచి వెనక గది బయటి గోడ చూశాడు. వానల ముందు తెల్లగా సున్నం కొట్టించిన గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. పగుల్లోంచి రావి మొక్క చెయ్యెత్తు పెరిగింది. పదేళ్ళ ముసలి గోడ. ఇంకా సాక్ష్యం ఏం కావాలి? గంగరాజు మావయ్య గుండె మీదికెక్కి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్లీడరు విస్సన్న ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ పెద్దాపురంలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. విస్సన్న తండ్రి కూడా ఆ ఊళ్ళో ప్లీడరే.

"పై వాటా ఖాళీ చేయించాలిరా. నోటీసు రాయి."

"అద్దె ఇవ్వట్లేదా? ఇల్లు పాడుచేసిందా?"

"అవన్నీ నీకెందుకు? పదకొండు నెలలు నిండుతున్నాయి. నాకు సొంత అవసరం."

"సొంత అవసరమంటే నిజంగా ఉండాలొరేయ్. రేపెవరైనా అడిగితే చెప్పగలగాలి" అని విస్సన్న కళ్ళజోడు మీదుగా చూశాడు. కామరాజు కిటికీలోంచి బయటికి చూశాడు. నోటీసు మాత్రం తయారైంది.

పన్నెండేళ్ళ భయం ప్లీడరుకి చెప్పలేదు. చెబితే ఇంకొకరికి తెలుస్తుంది, ఆ నోటా ఈ నోటా పడి ఆ అమ్మాయికీ తెలుస్తుంది. తెలియని హక్కుని మనం నేర్పించడమెందుకని ఆయన తెలివి.

నోటీసు చదువుకున్న వినీల ముఖం వాడిపోయింది. పోట్లాడలేదు.

"పదకొండు నెలలు నిండాక ఒక్క నెల గడువివ్వండి బాబాయి గారూ. ఈ మధ్య వేసిన పంట ఉప్పునీళ్ళలో నిలబడింది. ఉన్న గడువు ఆ విత్తనం పెంచడానికే సరిపోతుంది, ఆపైన ఇంకో మూడు పంటలు వరసగా అలాగే నిలబడితే విత్తనం మా ఊరికి ఇచ్చేయొచ్చు. మూడు పంటలంటే లోపల ఏడాది, మీకు నెల. ఈ వల ఈ గది కొలతలకే అల్లింది. ఇంకో ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి అల్లుకోవాలి, ఈలోగా మొక్కలు చచ్చిపోతాయి."

ఆ ఒక్క నెలే కామరాజు గొంతుకి అడ్డం పడిన నెల. పదకొండు దాటి పన్నెండు నిండే నెల. "చట్టం చట్టమేనమ్మా" అని గిర్రున తిరిగి దిగిపోయాడు. మంచిపని చేస్తున్నానని మనసుకి ఎంత నచ్చజెప్పినా అది ఒప్పుకోలేదు.

ఆ పూట నుంచి రత్నమాణిక్యం మాట్లాడటం మానేసింది. అన్నం పెడుతుంది, కంచం మోగుతుంది. కాఫీ ఇస్తుంది, గ్లాసు మోగుతుంది. కాపురంలో ఇంత చప్పుడు ఎప్పుడూ లేదు.

"నీకు అర్థం కావట్లేదే, ఇల్లు పోతుంది!" అన్నాడు.

ఆవిడ మూత కిందపడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదు, గోడ ఎంత పాడైందో లోపల నుంచి కూడా చూసి పెట్టుకుంటే రేపు పనికొస్తుందని ఒక శనివారం మధ్యాహ్నం సాహసం చేశాడు కామరాజు. వినీల మిన్నుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. రత్నమాణిక్యం పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పై వాటా మారు తాళంచెవి ఎలాగూ ఉంది. ఒక రోజు ముందు చెప్పాలన్న చట్టం గుర్తుకొచ్చింది గానీ, "చూసి వచ్చేస్తాగా" అని దాన్ని మేడ మెట్ల మీదే కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాడు. ఎవరైనా చూస్తారేమోనని వెనకాలే తలుపు లాగాడు.

తలుపు టక్కుమంది. ఎక్కడో తుమ్మెద గుయ్యిమన్నట్టు చప్పుడు మొదలైంది. కామరాజు గబుక్కున గొళ్ళెం లాగాడు. రాలేదు. తిరిగొచ్చాక పనికొస్తుందని వినీల వెళ్ళేముందే మూడు గంటల పాటు ఆడేట్టు చక్రం తిప్పి, తలుపు ఓరగా వదిలి పెట్టుకుంది. తలుపు మూస్తే వల పనిలోకి దిగుతుంది, దిగాక పని అయ్యేదాకా తలుపు రాదు.

"మాణిక్యం!" అని కిటికీ దగ్గరికి పరుగెత్తి అరిచాడు.

అద్దం అవతల మిట్టమధ్యాహ్నపు ఎండ పొద్దువాలినప్పటిలా ఎర్రగా, మసకగా ఉంది. పెరట్లో రత్నమాణిక్యం చీర దులుపుతోంది. దులిపిన చీర గాల్లోకి లేచింది. లేచింది గానీ దిగదే! తేనె జారినంత నింపాదిగా వంపు తిరుగుతూ దిగుతోంది. దండెం మీద నుంచి ఎగిరిన కాకి రెక్కలు విప్పి గాల్లోనే కూర్చున్నట్టుంది. ఆయన అరుపు ఆవిడకి చేరలేదు. చేరినా దోమ కూత అనుకునేదేమో.

బయటికి మూడు గంటలు. లోపల ఒకటిన్నర రోజు. తలుపు లోపలివైపున్న ముల్లు మూడు మీదుండటం చూసి ఆ లెక్క కట్టుకున్న కామరాజు కింద కూర్చున్నాడు.

కొంతసేపటికి కంగారు తగ్గి చుట్టూ చూశాడు. గదినిండా తొట్లు, తొట్లలో ఉప్పునీళ్ళు, నీళ్ళలో పచ్చగా వరి. గోడలు ఆయన అనుకున్నదానికంటే పాడయ్యాయి. మూలన చాప, చిన్న పొయ్యి, అటుకుల డబ్బా, రత్నమాణిక్యం ఇచ్చిన ఆవకాయ జాడీ. కిటికీ ఎదురుగా ఒక కుర్చీ. ఆ కుర్చీ ముందు నేల మీద కాళ్ళు ఆనిన చోట సిమెంటు నున్నగా అరిగి ఉంది.

ఆ కుర్చీలో కూర్చుంటే ఏం కనిపిస్తుందో చూద్దామని కూర్చున్నాడు. పెరటి పక్క సందులోంచి వీధి గుమ్మం కనిపించింది. స్కూలు ఆటో ఆగే చోటు. పొద్దున పిల్లని ఎక్కించి లోపలికొచ్చిన తల్లి మూడు రోజులు ఈ నీళ్ళల్లో ఒంటరిగా నానుతూ, కాస్త తీరిక దొరికినప్పుడల్లా ఇక్కడ కూర్చుని ఆ ఖాళీ గుమ్మం కేసి చూస్తుందన్నమాట. మళ్ళీ పిల్ల ముఖం చూడటానికి మూడు రోజులు. రోజూ మూడు రోజులు.

గోడ మీద మిన్ను వేసిన బొమ్మలున్నాయి. మేకులు కొట్టకూడదు కదా, మైదా జిగురుతో అంటించింది. కామరాజుకి సిగ్గేసింది. మొదట్లో వేసిన బొమ్మల్లో అమ్మకి నల్లటి జడ. తర్వాతి బొమ్మల్లో నల్లరంగు మధ్య అక్కడక్కడా ఖాళీ వదిలింది పిల్ల. ఇటీవలి బొమ్మలో అమ్మ జుట్టు సగం తెలుపు. పక్కన నిలబడ్డ రత్నమాణిక్యానికీ అమ్మకీ జుట్టు ఒకేలా ఉంది.

గోడ పెచ్చులు చూశాడే గానీ పది నెలలుగా ఆ పిల్ల తల వంక చూడలేదు తను. ఆ సంగతి తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. ఎవరూ లేరు గనక నిస్సంకోచంగా ఏడ్చాడు.

దీపాలు ఆరితే చాప మీద పడుకున్నాడు, వెలిగితే లేచాడు. అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. మాట్లాడటానికి మనిషి లేక వరి మొక్కలతో మాట్లాడాడు. తక్కిన పొద్దంతా కిటికీ దగ్గరే. పెరట్లో భార్య బకెట్టులో బట్టలన్నీ ఆరేయడం చూశాడు. ఒక్కో చీరా ముడత లేకుండా లాగడం, మిన్ను గౌను దగ్గరికొచ్చేసరికి చేత్తో నిమిరి నవ్వుకోవడం. ఆ నవ్వు పెదవుల మీదికి రావడానికే బోలెడంత సేపు పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నవ్వు అలా మొదలై అలా పూర్తవుతుందని ఆయనకి తెలియదు. ఎప్పుడూ నిలబడి చూడలేదు మరి.

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా వినీల. కామరాజుకి గడ్డం మాసింది, కళ్ళు పీక్కుపోయాయి. దొంగలా నిలబడ్డాడు.

"ఒక రోజు ముందు చెప్పాలి కదండీ బాబాయి గారూ?" అంది వినీల. కోపంగా అనబోయి ఆయన వాలకం చూసి నవ్వేసింది. "ఆకలేస్తోందా?"

ఆ మాటతో ఇంకా కుంగిపోయాడు. "ఎన్నేళ్ళు పోయాయమ్మా నీకు?"

"పది నెలల్లో మూడేళ్ళు. నిద్ర చాలక జుట్టు మాత్రం ఇంకా ముందుకి పరుగెత్తింది" అంది తేలిగ్గా. తర్వాత గొంతు తగ్గించి, "పోయినందుకు బాధ లేదండి. మిన్ను మొన్న స్కూల్లో ఎవరికో నన్ను చూపించి 'మా అమ్మమ్మ' అని చెప్పింది. అదొక్కటే" అంది.

కామరాజు మెట్లు దిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. రత్నమాణిక్యం నిద్ర లేచి కాఫీ కలుపుతోంది. ఒకటిన్నర రోజు అద్దంలోంచి మాత్రమే చూసిన భార్యని తనివితీరా చూసి, పోయి చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ మౌనవ్రతం మర్చిపోయింది.

"ఇదేం చోద్యమండీ? ఇప్పుడేగా అన్నం తిని వెళ్ళారు! ఆ గడ్డమేంటి?"

చెప్పాడు. చాప, కుర్చీ, బొమ్మలు, అన్నీ చెప్పాడు. చివరికి, "నెల గడువిస్తే పన్నెండేళ్ళు నిండుతాయి మాణిక్యం. ఇల్లు పోతుంది. టికెట్ టికెట్ అని గొంతు చించుకుని కట్టింది" అన్నాడు.

ఆవిడ కాఫీ గ్లాసు చప్పుడు లేకుండా ఆయన ముందు పెట్టింది. "పోతే పోతుందండి. ఆ పిల్ల వయసే ఇచ్చేసింది, మనం ఇటుకలివ్వలేమా? మనకి పిల్లా పీచూ లేరు, ఊళ్ళో అద్దె ఇళ్ళకి కరువా? అయినా వినీల మనల్ని వీధిలోకి పొమ్మంటుందా ఏమిటి?"

"అనదు. అయినా కాగితం ఉండాలి కదా" అన్నాడు కామరాజు. మనసు తేలికైపోయి కాఫీ రెండు గుక్కల్లో తాగేశాడు.

సోమవారం విస్సన్న ఆఫీసులో కూర్చుని చాలా గంభీరంగా చెప్పాడు. "నోటీసు వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు అద్దె కాగితం రాయాలి."

"కొత్తవాళ్ళొస్తున్నారా?"

"లేదు. మేమే అద్దెకుంటున్నాం. నేనూ మాణిక్యం."

"ఎక్కడ?"

"మా ఇంట్లోనే. కింది వాటాలో. ఓనరు వినీల. మేం బతికున్నంతకాలం ఖాళీ చేయమని అడగకూడదని రాయి. మేకులు కొట్టం, ఎండుచేపలు ఆరబెట్టం. మోటారు ఆవిడే వేసుకోవచ్చు."

విస్సన్న కలం పక్కన పెట్టాడు. "ఒరేయ్ కామూ, ఒంట్లో బాగానే ఉందా?"

అప్పుడు కామరాజు మొత్తం విప్పి చెప్పాడు. కాలం పరుగెత్తే గది, పది నెలల్లో పదేళ్ళు, నిండబోతున్న పన్నెండు, గంగరాజు మావయ్య, టైలరు. వింటున్నంతసేపూ విస్సన్న నోరు తెరుచుకునే ఉంది. పూర్తయ్యాక మొదలైంది నవ్వు. బల్ల గుద్ది నవ్వాడు, కళ్ళజోడు జారి కిందపడితే వెతుక్కుంటూ నవ్వాడు, గుమాస్తా మంచినీళ్ళు తెచ్చాడు.

"పన్నెండు కాదురా, నూట పన్నెండేళ్ళున్నా అద్దెకున్నవాడు అద్దెకున్నవాడే! నువ్వు రమ్మంటే వచ్చింది, ఉండమంటే ఉంది, నిన్ను ఓనరుగా ఒప్పుకుని నెలనెలా అద్దె ఇస్తోంది. ఇక ఇల్లు ఎలా పోతుంది? 'ఇది నీది కాదు, నాది' అని నీ ముఖాన్నే చెప్పి, నీ అనుమతి లేకుండా, నలుగురూ చూస్తుండగా పన్నెండేళ్ళు కూర్చున్నవాడి సంగతి వేరు. పదకొండు నెలలు రాసుకునేది కూడా పన్నెండు అంకె పడకూడదని కాదు, ఏడాదికి రాస్తే రిజిస్ట్రేషనుకి పరుగెత్తాలని!"

"మరి మా మావయ్య ఇల్లు?"

విస్సన్న నవ్వు ఆపి, కాస్త మొహమాటపడ్డాడు. "పేకాటలో పోయిందిరా. అప్పు తీర్చడానికి ఆ టైలరుకే అమ్మాడు. అమ్మకం కాగితం రాసింది మా నాన్నే. ఇంట్లో ఆడవాళ్ళకి పేకాటని చెప్పలేక పన్నెండేళ్ళ కథ అల్లాడు."

కామరాజుకి ముందు ప్రాణం లేచొచ్చింది. తర్వాత చచ్చి స్వర్గాన ఉన్న మావయ్య మీద ఒళ్ళు మండింది. ఎంతమందిని, పిల్లాపాపలతో ఉన్నవాళ్ళని, పదకొండు నెలలు కాగానే పెట్టే బేడా సర్దించాడో గుర్తొచ్చి తల వాలిపోయింది. కాసేపటికి అన్నింటికంటే విచిత్రమైన బాధ ఒకటి మొదలైంది.

"అంటే ఆ అమ్మాయికి నేనిస్తానన్నది ఏమీ లేనట్టేనా?"

"ఒక నెల గడువు. అంతే" అన్నాడు విస్సన్న.

"అంతేనా?" అన్నాడు కామరాజు. లేవబోతూ ఇంకో ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్నకి విస్సన్న నవ్వలేదు. చట్టంలో అడ్డేమీ లేదని చెప్పి, "నన్ను కూడా రాసుకో" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వినీల పై వాటాలో పుస్తకాలు అట్టపెట్టెలకి ఎత్తుతోంది. రత్నమాణిక్యం ఎత్తినవి ఎత్తినట్టు మళ్ళీ బయటికి తీస్తోంది.

"సర్దకమ్మా. నెల కాదు, నీ పని అయ్యేదాకా ఉండు" అన్నాడు కామరాజు. ప్లీడరు దగ్గర జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పుకున్నాడు, పేకాటతో సహా. తన ఇంట్లో తను అద్దెకుండబోయిన చోటికి వచ్చేసరికి వినీల పగలబడి నవ్వింది. నవ్వుతూనే పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఇంకో మాట. అప్పటిదాకా నువ్వు ఆ గదిలోకి వెళ్ళొద్దు. నీళ్ళు మార్చడం, మొక్కల్ని చూడటం మాకు నేర్పు. ఏమైనా తేడా వస్తే నిన్ను అడుగుతాం. మా డిపోలో రిటైరైన కండక్టర్లు, డ్రైవర్లు ఎంతమందో ఉన్నారు, అరుగుల మీద పొద్దు పోక కొట్టుకుంటున్నారు. వంతులేసుకుంటే ఒక్కొక్కరికీ మూడేసి రోజులు. అన్ని రోజులూ నువ్వొక్కదానివే మొయ్యడమేంటి?"

వినీల నవ్వు ఆగిపోయింది. "వద్దండి. అవి మీ ఆయుష్షులో రోజులు. పోతే తిరిగి రావు."

"తెలుసమ్మా. ఒకటిన్నర రోజు ఇచ్చే వచ్చానుగా, ఏం పోయింది? గడ్డమే కదా పెరిగింది" అన్నాడు కామరాజు. "ఇల్లు రాసిద్దామని పోతే చట్టం ఒప్పుకోలేదు. రోజులివ్వకూడదని మాత్రం ఏ చట్టంలోనూ లేదట. అడిగే వచ్చాను."

వినీల వంగి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టబోతే రత్నమాణిక్యం మధ్యలోనే పట్టుకుని దగ్గరికి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న మొదటి వంతు కామరాజుది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టబోతుంటే వెనకాలే రత్నమాణిక్యం చేతిసంచీతో తయారైంది.

"నువ్వెక్కడికే?"

"మూడు రోజులు మీరొక్కరే అటుకులు తింటారా? పదండి. ఆ వరితో ఏం మాట్లాడతారో నేనూ వింటాను."

తలుపు మూసుకుంది. కింద వీధి గుమ్మం దగ్గర స్కూలు ఆటో వచ్చి ఆగింది. వినీల ఆటోని పంపించేసి మిన్ను చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఎండ ముదరకముందే, దారి పొడుగునా కబుర్లు చెప్పుకుంటూ, నింపాదిగా నడిచి స్కూలుకి వెళ్ళారు.